చక్కెర తగ్గించమన్నారు, కానీ తీపి లేకుండా ఉండలేను. ఏం చేయాలి?

చాలామందికి తీపి పూర్తిగా మానేయాల్సిన పని ఉండదు. ఎంత తింటున్నారు, ఎప్పుడు తింటున్నారు అన్నదే చూసుకోవాలి.

విడిగా కలిపే చక్కెర రోజువారీ కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతమంటే పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. తేనె, పండ్లరసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పండును పండుగా తింటే రాదు.

ముందు తాగే చక్కెర మానండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాములుంటుంది. గటగటా గొంతు దిగిపోతుంది, తిన్న తృప్తి మాత్రం మిగలదు. ఆ వాటాను మీకు ప్రాణమైన స్వీటు కోసం దాచుకోండి.

ఆ స్వీటు కూడా ఖాళీ కడుపుతో వద్దు, భోజనం అయ్యాక తినండి. పీచు, ప్రోటీన్ ఉన్న తిండి ముందే కడుపులో ఉంటే గ్లూకోజ్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఒక చాక్లెట్ ముక్క నాలుక మీద పెట్టుకుని, నమలకుండా కరగనివ్వండి. అంచులు మెత్తబడతాయి, ముందు కాస్త చేదు, ఆ వెనకే తీపి. ఒక్క ముక్కకే మూడు నిమిషాలు పడుతుంది. ఫోన్ చూస్తూ తింటే ఇదేదీ తెలియదు, చెయ్యి మళ్లీ డబ్బాలోకి పోతుంది.

కాఫీ, టీల్లో చక్కెర ఒక్కసారిగా ఆపకండి. వారానికి పావు స్పూను తగ్గించుకుంటూ రండి, నాలుక అలవాటు పడుతుంది.

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే మాత్రం ఈ మార్పులు డాక్టరుకు చెప్పే చేయండి.