పాఠకుల ప్రశ్నలు – ఎలక్ట్రానిక్స్: రెండు సెల్లుల మీద పెద్ద సిగ్నల్

ప్రశ్న: అయ్యా, మా పెదనాన్నగారు గొల్లపల్లిలో పనస చెక్కతో ఏకాండి (ఒకే దుంగలో తొలిచిన) వీణలు చేస్తారు. కచేరీలకు పనికివస్తుందని వీణ కుండ మీద పీజో బిళ్ళ (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది) అతికించి, రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే ప్రీ ఆంప్లిఫయర్ కట్టాను. హమ్ (కరెంటు తీగల నుంచి చేరే రొద) రాకుండా బీసీ547 ట్రాన్సిస్టర్లతో డిఫరెన్షియల్ జత (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను మాత్రమే తీసుకునే కూర్పు) పెట్టాను. మెల్లగా మీటితే నాదం చక్కగా ఉంది. గట్టిగా మీటితే గరగరమంటోంది. స్కోపులో చూస్తే బిళ్ళ నుంచి అర వోల్టు దాకా శిఖరాలు వస్తున్నాయి. సెల్లులు పెంచడం ఒక్కటే మార్గమా?
– డిప్లొమా విద్యార్థి, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: సెల్లులు నాలుగు చేసినా ఆ గరగర పోదు. ఎమిటర్లు నేరుగా కలిసిన జత ఎంత సిగ్నల్‌ను వంకర లేకుండా భరిస్తుందన్నది సరఫరా మీద కాక, గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 26 మిల్లీవోల్టులుండే థర్మల్ వోల్టేజి మీద ఆధారపడుతుంది. బేసుల మధ్య తేడా 25 మిల్లీవోల్టులు దాటేసరికే వంపు మొదలై, 100 మిల్లీవోల్టులకు చేరేసరికి టెయిల్ కరెంటులో (రెండు ఎమిటర్లకూ కలిపి పారే స్థిర కరెంటులో) 98 శాతం ఒకే ట్రాన్సిస్టర్ గుండా పోతుంది. మీ అర వోల్టుకు ఆ జత ఆంప్లిఫయర్‌గా కాక స్విచ్‌గా పనిచేస్తోందన్నమాట.

దీనికి పుస్తకాల్లో కనిపించే మందు ఎమిటర్లలో రెసిస్టర్లు చేర్చడం. మీ టెయిల్ కరెంటు 200 మైక్రోఆంపియర్లనుకుంటే, ఒక్కో ఎమిటర్‌లో 5 కిలో ఓమ్‌లు పెట్టగానే పరిధి దాదాపు ఒక వోల్టు దాకా పెరుగుతుంది గానీ, సిగ్నల్ లేనప్పుడు కూడా వాటి మీద అర వోల్టు వృథాగా పడుతుంది. బేస్, ఎమిటర్ల మధ్య 0.65 వోల్టు, టెయిల్ కరెంటును స్థిరంగా ఉంచే సోర్సుకు కనీసం 0.2 వోల్టు పోయాక మిగిలే దానిలో అర వోల్టంటే తక్కువ కాదు. అందుకని టెయిల్‌ను రెండుగా చీల్చి, ఒక్కో ఎమిటర్‌కు విడిగా 100 మైక్రోఆంపియర్ల సోర్సు ఇచ్చి, ఎమిటర్ల మధ్య ఒకే ఒక్క 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కడతారు. సిగ్నల్ లేనప్పుడు దానిలో కరెంటే ఉండదు. అయితే ఈ ఆదాను కొంత అతిగా చెబుతారు: అర వోల్టు శిఖరం వచ్చినప్పుడు దిగే బేస్‌తో పాటు దాని ఎమిటర్ కూడా పావు వోల్టు దిగుతుంది కనుక, నిజంగా మిగిలేది పావు వోల్టే. పైగా ఒకే సోర్సు నాయిస్ రెండు వైపులా సమానంగా పడి రద్దవుతుంది. విడి సోర్సుల నాయిస్ మాత్రం రద్దు కాక బుస్సుమని వినిపిస్తుంది.

మీ సిగ్నలే పెద్దది గనుక కలెక్టర్ల వద్ద గెయిన్ ఆశించకండి. కలెక్టర్‌లో 4.7 కిలో ఓమ్‌ల లోడ్ రెసిస్టర్‌తో గెయిన్ 0.9 ఉంటుంది, సెల్లుల జత రెండు వోల్టులకు దిగినా శిఖరాల వద్ద కలెక్టర్ 1.3 వోల్టుల దగ్గర నిలుస్తుంది. అదే 10 కిలో ఓమ్‌లు పెడితే అర వోల్టుకు జారి ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో (కలెక్టర్ వోల్టేజి ఇక దిగలేని స్థితిలో) పడుతుంది. బేస్ బయాస్‌ను (సిగ్నల్ లేనప్పుడు బేస్ వద్ద ఉండే వోల్టేజిని) సరఫరాలో సగంగా తీసుకుంటే సెల్లులతో పాటు అదీ తగ్గి, సోర్సులకు చోటు లేకుండా పోతుంది కాబట్టి, వరుసగా కట్టిన రెండు సిలికాన్ డయోడ్లతో 1.2 వోల్టుల దగ్గర నిలపండి.

ఇంత చెప్పినా, పీజో బిళ్ళకు ఈ ట్రాన్సిస్టర్ల జత తగదని నా అభిప్రాయం. బిళ్ళకు మెగా ఓమ్ స్థాయి ఇన్‌పుట్ నిరోధం కావాలి. అంత బయాస్ రెసిస్టర్ గుండా 0.3 మైక్రోఆంపియర్ల బేస్ కరెంటు పోతే 0.3 వోల్టు అక్కడే హరించుకుపోతుంది. ఇన్‌పుట్‌లో కరెంటు దాదాపు తీసుకోని ఎంసీపీ6002 వంటి సీమాస్ ఆప్ ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్) మేలు. అది 1.8 వోల్టుల దాకా, అంటే సెల్లు ఒక్కింటికి 0.9 వోల్టు మిగిలే దాకా నడుస్తుంది. ఇటువంటి రైల్ టు రైల్ (నేల నుంచి పై సరఫరా దాకా మొత్తం పరిధిలో పనిచేసే) చిప్‌ల ఇన్‌పుట్‌లో సాధారణంగా రెండు జతలుంటాయి: నేల వైపు వోల్టేజిలకు పీ రకం, పై సరఫరా వైపు వాటికి ఎన్ రకం. ఒక జత నుంచి ఇంకొక జతకు పని మారేచోట ఆఫ్‌సెట్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉండే చిన్న తేడా వోల్టేజి) కాస్త మారుతుంది. ఫాలోయర్‌గా (ఇన్‌పుట్ వోల్టేజినే ఔట్‌పుట్‌కు ఇచ్చేలా) కడితే మీ సిగ్నల్ ఆ గీతను పదేపదే దాటి కొత్త వంకర తేవచ్చు.

కాబట్టి ఫాలోయర్ వద్దు, చార్జి ఆంప్లిఫయర్ (బిళ్ళ పుట్టించే చార్జిని వోల్టేజిగా మార్చేది) కట్టండి. బిళ్ళ రెండు తీగలను చిప్‌లోని రెండు ఆప్ ఆంప్‌ల నెగటివ్ ఇన్‌పుట్‌లకు ఇచ్చి, పాజిటివ్ ఇన్‌పుట్‌లను స్థిరమైన బయాస్‌కు కట్టి, ఒక్కోదానికి ఫీడ్‌బ్యాక్‌గా 47 నానోఫారడ్ల కెపాసిటర్‌ను, దానికి సమాంతరంగా 470 కిలో ఓమ్‌లను పెట్టండి. 20 నానోఫారడ్ల బిళ్ళకు మొత్తం గెయిన్ 0.85 వస్తుంది, 7 హెర్ట్జ్ పైనున్నదంతా దాటిపోతుంది. సిగ్నల్ ఎంత ఊగినా ఇన్‌పుట్‌లు బయాస్ దగ్గరే కదలకుండా ఉంటాయి. ఊగేది ఔట్‌పుట్ మాత్రమే. హమ్ రెండు ఔట్‌పుట్‌లలోనూ ఒకేలా వస్తుంది కనుక రెండు తీగల మధ్య తేడానే తీసుకునే మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ దాన్ని తీసివేస్తుంది. వీణను కింద పెట్టేటప్పుడు తగిలే దెబ్బకు బిళ్ళ ఎన్నో వోల్టులు పుట్టించగలదు కాబట్టి, చిప్ దెబ్బతినకుండా ఒక్కో తీగలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ వరుసగా వేయడం మరువకండి.