బీటెక్ సివిల్ తర్వాత అమెరికాలో ఎం.ఆర్క్: ఏడాదిన్నర కోర్సా, మూడేళ్ల కోర్సా?

ప్రశ్న: బీటెక్ సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. అమెరికాలో ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) చేసి ఆర్కిటెక్ట్ అవ్వాలని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు ఏడాదిన్నరలో అయిపోయే కోర్సులు కూడా ఉన్నాయంటున్నారు, నాన్న కూడా అదే తీసుకోమంటున్నారు. నాకు డ్రాయింగ్ పెద్దగా రాదు, పోర్ట్‌ఫోలియో (అప్లికేషన్‌తో పంపే నా పనుల సంకలనం) లేదు. తర్వాత ఇండియా వచ్చేస్తే ఇక్కడ ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

చూడమ్మా, ముందు నాన్నగారికి చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ ఏడాదిన్నర కోర్సుతో మామూలుగా నువ్వు ఆర్కిటెక్ట్ అవ్వవు. కోర్సు మంచిది కాదని కాదు, అది వేరే పని కోసం పెట్టింది.

అమెరికాలో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ డిగ్రీల పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. ఒకటి ప్రొఫెషనల్ ఎం.ఆర్క్, అంటే లైసెన్స్‌కి దారి తీసేది. దీనికి అక్రిడిటేషన్ ఇచ్చేది ఎన్ఏఏబీ అనే ఒకే ఒక్క సంస్థ. రెండోది పోస్ట్ ప్రొఫెషనల్, అంటే ఆల్రెడీ ఐదేళ్ల బీ.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) లాంటిది చేసేసినవాళ్లు ఇంకా లోతుగా డిజైన్ చదవడానికి చేసేది. యేల్‌లో ఎం.ఆర్క్ 2, కొలంబియాలో అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ ఎంఎస్ ఈ రకమే, వీటికి ఎన్ఏఏబీ అక్రిడిటేషన్ ఉండదు, నీకు బీ.ఆర్క్ లేదు కాబట్టి వీటికి నువ్వు ఎలిజిబుల్ కూడా కావు. ఇవి కాక బిల్డింగ్ సైన్స్, సస్టైనబుల్ డిజైన్ అని ఎంఎస్‌లు ఉంటాయి, వాటిల్లో సివిల్ వాళ్లని తీసుకుంటారు, బహుశా కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది అలాంటిదే అయ్యుంటుంది. చదువు బాగానే ఉంటుంది కానీ ఎక్కువ స్టేట్లలో లైసెన్స్‌కి పనికిరాదు, ఆ సంగతి వాళ్లు చెప్పరు.

నీలాగా వేరే డిగ్రీ నుంచి వచ్చేవాళ్లకి ప్రొఫెషనల్ ఎం.ఆర్క్ మూడు నుంచి మూడున్నరేళ్లు పడుతుంది. యేల్‌లో, కొలంబియాలో మూడేళ్లు, హార్వర్డ్‌లో ఎం.ఆర్క్ 1 మూడున్నరేళ్లు. రెండేళ్ల ఎం.ఆర్క్ అని కనిపిస్తే అది ఎక్కువగా నాలుగేళ్ల ఆర్కిటెక్చర్ బీఎస్ చేసినవాళ్లకి, చూసి టెంప్ట్ అవ్వకు. మూడేళ్లంటే ఎక్కువే, నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ కోర్సు మొదలయ్యేదే గీత గీయడం దగ్గర్నుంచి. నీతోపాటు క్లాసులో ఫిలాసఫీ చదివినవాళ్లు, బయాలజీ చదివినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో చాలామందికి స్ట్రక్చర్స్ సబ్జెక్ట్ అంటే చెమటలు పడతాయి, నీకు మాత్రం బెండింగ్ మూమెంట్ ఆల్రెడీ తెలుసు, కొన్ని స్కూళ్లలో ఆ సబ్జెక్టుకి వేవర్, అంటే మినహాయింపు, కూడా అడగొచ్చు. నీకు కష్టమయ్యేది స్టూడియో, అంటే డిజైన్ చేసి చూపించే క్లాసు. ఇంజినీరింగ్‌లో ఆన్సర్ ఒకటే ఉంటుంది, వస్తే వచ్చినట్టు. స్టూడియోలో ఆన్సర్ ఉండదు, వారంపాటు చేసిన మోడల్‌ని ప్రొఫెసర్ చూసి ఈ గోడ ఇక్కడెందుకుంది అని అడుగుతారు, నువ్వు చెప్పలేకపోతే మళ్లీ మొదట్నుంచి. జ్యూరీలో, అంటే నీ పనిని చూపించే రివ్యూలో, అందరి ముందూ అడుగుతారు. దాన్ని మనసుకి తీసుకోకుండా మర్నాడు మళ్లీ డెస్క్ దగ్గర కూర్చోగలవా అన్నది ఇప్పుడే ఆలోచించుకో, నిజాయితీగా.

డ్రాయింగ్ రాదన్నావు, దానికి అంత భయపడొద్దు. వాళ్లకి అందమైన బొమ్మలు అక్కర్లేదు, నువ్వు ఎలా చూస్తావో ఎలా ఆలోచిస్తావో కనపడాలి. పోర్ట్‌ఫోలియో కోసం ఒక పని చెప్తా చెయ్యి. మీ కాలేజీలో ఒక మెట్లదారి తీసుకో. టేప్ పట్టుకుని ప్రతి మెట్టు ఎత్తు, వెడల్పు కొలువు, ల్యాండింగ్ కొలువు, రెయిలింగ్ ఎత్తు కొలువు. ప్లాన్ గీయి, సెక్షన్ (నిలువుగా కోసి చూసినట్టు) గీయి, స్కేల్ వేసి చేత్తోనే. తర్వాత పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అక్కడే నిలబడి వెలుతురు ఎక్కడ పడుతోందో అదే సెక్షన్ మీద మార్క్ చెయ్యి, పిల్లలు ఏ మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారో, ఎవరూ కూర్చోని మెట్టు ఏదో, ఎందుకో రాసుకో. అప్పుడు ఆ మెట్లదారిని నువ్వు మారిస్తే ఎలా మారుస్తావో అట్టముక్కలతో మోడల్ చెయ్యి, ఒకటి కాదు, నాలుగైదు రకాలుగా చేసి ఏది ఎందుకు పక్కన పెట్టావో కూడా ఫొటోలు తీసి పెట్టు. ఇది ఒక ప్రాజెక్ట్. ఇలాంటివి ఇంకో మూడు, వాటితోపాటు నీ సివిల్ ప్రాజెక్టులో పనికొచ్చే షీట్లు, ఫొటోగ్రఫీ గానీ కుట్టుపని గానీ చేత్తో చేసేది ఏదున్నా అది. అంతేగానీ నెట్‌లో దొరికే రెండరింగ్‌లు చూసి సాఫ్ట్‌వేర్‌లో గాజు టవర్లు చేసి పెట్టొద్దు, దయచేసి. పేజీల లిమిట్, ఫైల్ సైజ్ ఒక్కో స్కూల్‌కి ఒక్కోలా ఉంటుంది, అప్లికేషన్ డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో పడతాయి కాబట్టి ఇప్పట్నుంచే మొదలుపెట్టు. కాలిక్యులస్, ఫిజిక్స్ నీకు ఉన్నాయి, ఆర్కిటెక్చర్ హిస్టరీ కూడా అడిగే స్కూళ్లున్నాయి, అది ముందే చూసుకో.

డిగ్రీ చేతికొచ్చిన రోజే ఆర్కిటెక్ట్ అయిపోరు, ఇదీ నాన్నగారికి చెప్పు. లైసెన్స్ ఇచ్చేది ఒక్కో స్టేట్ బోర్డు. దానికి ఎన్‌కార్బ్ (ఆ స్టేట్ బోర్డుల ఉమ్మడి సంస్థ) వాళ్ల ఏఎక్స్‌పీ అనే పని అనుభవం ప్రోగ్రామ్ కింద 3,740 గంటల ఎక్స్‌పీరియన్స్ చూపించాలి, అంటే వారానికి 40 గంటలు పనిచేసినా రెండేళ్లకి కాస్త తక్కువ. ఏఆర్ఈ అనే లైసెన్స్ పరీక్షలో ఆరు భాగాలు రాయాలి.

వీసా విషయంలో ఒక చిన్న సంగతి చాలామంది మిస్సవుతారు. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే పనిచేసే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ) కోర్సయితే ఇంకో 24 నెలలు కలుస్తుంది. స్టెమ్ అవునా కాదా అన్నది స్కూల్ ఆ కోర్సుకి వేసే కోడ్ మీద ఉంటుంది. ఎం.ఆర్క్ 04.0201 కోడ్ కింద ఉంటే స్టెమ్ కాదు, అదే 04.0902 కింద పెట్టిన స్కూల్లో స్టెమ్. చెప్పాను కదా, 3,740 గంటలంటే రెండేళ్ల దాకా, 12 నెలల్లో ఎలా అవుతుంది. కాబట్టి మీ ఎం.ఆర్క్‌కి ఐ-20 (వీసా కోసం స్కూల్ ఇచ్చే పత్రం) మీద ఏ కోడ్ వేస్తారు అని అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టి అడుగు, సిగ్గుపడక్కర్లేదు. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌తో పోల్చుకోకు, మొదటి ఏళ్లలో బాగా తక్కువే ఉంటుంది. మూడేళ్ల ఫీజు మొత్తం లోన్ మీద అయితే మాత్రం నేను వద్దనే అంటాను, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పని) ఇచ్చి ఫీజు తగ్గించే పబ్లిక్ యూనివర్సిటీలు వెతుకు, ర్యాంకింగ్ రెండో సంగతి.

ఇక ఇండియా. అసలు నీ ప్రశ్నల్లో ఇదే ముఖ్యమైంది, చివర్లో రాశావు. ఏ దేశంలో నువ్వు ప్లాన్ మీద సంతకం పెట్టాలనుకుంటున్నావో అది తేల్చుకున్నాకే డిగ్రీ. ఇక్కడ 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. 2020లో సుప్రీంకోర్టు ఆ చట్టం ఆపేది ఆ పేరు వాడటాన్నే, డిజైన్ పని చెయ్యడాన్ని కాదు అంది, కానీ ఆ పేరు లేకుండా సొంతంగా ఆఫీస్ పెట్టడం ఎంత కష్టమో నీకు తెలియంది కాదు. ఇక్కడ బేసిక్ క్వాలిఫికేషన్ ఐదేళ్ల బీ.ఆర్క్, మన ఎం.ఆర్క్ దాని మీద చేసేది. అందుకని బీటెక్ మీద చేసిన అమెరికా ఎం.ఆర్క్ ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి ఆటోమేటిక్‌గా చెల్లుతుందని అనుకోకు. చేరకముందే, స్కూల్ పేరు, డిగ్రీ పేరు స్పష్టంగా రాసి కౌన్సిల్‌ని అడుగు, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుని దాచుకో. తిరిగి రావడం ఖాయం అనుకుంటే మాత్రం నాటా అనే ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ రాసి ఇక్కడే బీ.ఆర్క్ చెయ్యడం నేరుగా ఉండే దారి, ఐదేళ్లు పడుతుంది, అయినా సరే.

ఇంకోటి కూడా అడుగుతా. నీకు నచ్చేది బిల్డింగ్ ఎలా ఉండాలి అన్నదా, ఎలా నిలబడుతుంది అన్నదా? ఫజ్లుర్ ఖాన్ అని ఢాకాలో పుట్టిన సివిల్ ఇంజినీర్, చికాగోలో జాన్ హాన్‌కాక్ సెంటర్, సియర్స్ టవర్ అనే ఆకాశహర్మ్యాలకి స్ట్రక్చర్ చేశారు. ఆయన ఆర్కిటెక్ట్ కాదు, బ్రూస్ గ్రాహమ్ అనే ఆర్కిటెక్ట్ పక్కన కూర్చుని పనిచేశారు, హాన్‌కాక్ బయట కనిపించే ఆ పెద్ద ఎక్స్ ఆకారాలు స్ట్రక్చరే, బిల్డింగ్ రూపం కూడా అదే. ఆ పని నిన్ను లాగుతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చెయ్యి, నీ బీటెక్ అంతా పనికొస్తుంది, ఖర్చూ కాలమూ తగ్గుతాయి. ముందు ఆ మెట్లదారి పని పూర్తి చెయ్యి. కొలతలు తీస్తున్నప్పుడు ఎక్కువసేపు ఆగింది స్లాబ్ దగ్గరా, పిల్లలు కూర్చున్న మెట్టు దగ్గరా అన్నది చూసుకుని నాకు మళ్లీ రాయి, అప్పుడు స్కూళ్ల లిస్ట్ కలిసి వేద్దాం.