మెదడులో చిప్ పెడితే నాన్నగారి మతిమరుపు తగ్గుతుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 69 ఏళ్లు. కొబ్బరి తోట చూసుకుంటారు. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. పొద్దున దింపు కూలీలకు డబ్బులిచ్చేసి, సాయంత్రం మళ్లీ ఇవ్వబోతున్నారు. మెదడులో చిప్ పెడితే జ్ఞాపకశక్తి వస్తుందని వీడియోలో చూశాను. అవసరమైతే అరెకరం అమ్ముతాం. ఎక్కడ చేస్తారు?

సలహా: దయచేసి పొలం అమ్మకండి. మతిమరుపుకు చికిత్సగా అలాంటి చిప్ ఇంకా అందుబాటులోకి రాలేదు. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ మొదటిసారి ఒక మనిషికి చిప్ అమర్చింది. ఆయనకు కాళ్లూ చేతులూ కదలవు. చెయ్యి కదపాలని అనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాల్ని చిప్ పట్టుకుంటే, కంప్యూటర్ తెరమీద కర్సర్ కదిలింది. జ్ఞాపకశక్తికీ దానికీ సంబంధం లేదు.

జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు వేరే జరిగాయి. 2018లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల బృందం మూర్ఛ రోగులతో ఒక పరీక్ష చేసింది. మూర్ఛ ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడానికి వాళ్ల మెదడులో అప్పటికే ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు సంకేతాల్ని పట్టే సన్నని తీగలు ఉన్నాయి. చూసిన బొమ్మ సరిగ్గా గుర్తున్నప్పుడు హిప్పోక్యాంపస్‌లో (కొత్త జ్ఞాపకాలు ఏర్పడే మెదడు భాగం) వచ్చిన సంకేతాల్ని నమోదు చేసి, అదే తీరులో సన్నని కరెంటు తిరిగి పంపారు. గుర్తుపెట్టుకోవడం దాదాపు 35 శాతం మెరుగైంది. ఇది చాలా గొప్ప విషయం, నాకూ దీనిమీద ఎంతో ఆశ ఉంది. కానీ అది కంప్యూటర్ మీద బొమ్మల పరీక్ష. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లోనైతే హిప్పోక్యాంపస్ కణాలే చచ్చిపోతుంటాయి. పైగా పుర్రె తెరిచే ఆపరేషన్‌లో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మెట్‌ఫార్మిన్ అన్న మాట. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది, దానివల్ల మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు రావచ్చు. కారణం అదే అయితే, ఆలస్యం కాకుండా బి12 ఇస్తే చాలామంది మెరుగవుతారు. ముందు బి12, థైరాయిడ్ రక్త పరీక్షలు చేయించండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వినికిడి కూడా చూపించండి. చెవికి సరిగ్గా చేరని మాట గుర్తుండదు కదా. నిద్రమాత్రలు వాడుతున్నారా, దిగులుగా ఉంటున్నారా, ఈ మధ్య కింద పడి తలకు దెబ్బ తగిలిందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి.

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో న్యూరాలజిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే మందులన్నీ సంచిలో పట్టుకెళ్లండి. ఈలోగా కూలి డబ్బులు ఇవ్వగానే పుస్తకంలో కూలీల చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి. నలుగురిలో ఆయన్ని తప్పుపట్టకండి. ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, విపరీతమైన తలనొప్పితో మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.