దీక్ష యాప్‌లో ఒడియా పాఠాలకు బదులు తెలుగు పాఠాలే వస్తుంటే

ఒడిశాలోని రాయగడలో ఒడియా మీడియంలో ఆరో తరగతి చదువుతున్న మీ పాపకు ప్రభుత్వ బడి పాఠాల యాప్ దీక్షలో తెలుగు పాఠాలే కనిపిస్తున్నాయంటే, మొదటిసారి తెరిచినప్పుడు బోర్డు దగ్గర ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని ఉంటారు.

1. ప్రొఫైల్‌లో బోర్డు, మీడియం, తరగతి మూడూ సరిచేసి సేవ్ చేయండి. చాలామంది యాప్ భాషను మాత్రమే ఒడియాకు మారుస్తారు. దానివల్ల మెనూలోని మాటలు మారతాయే గానీ పాఠాలు మారవు. మీకు తెలుగే సులువైతే యాప్ భాషను తెలుగులోనే ఉంచుకుని, మీడియంను మాత్రం ఒడియా చేయండి.

2. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ నలిగిపోయి స్కాన్ కాకపోతే, దాని కింద అచ్చయిన ఆరు అక్షరాల కోడ్‌ను వెతికే చోట టైపు చేయండి.

ఒడియా లిపి చదవలేని తల్లిదండ్రులకు స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ నిజంగా పెద్ద ఆసరా. అందులో ఒకే కథ రెండు భాషల్లోనూ దొరికినప్పుడు, మీరు తెలుగులో, పాప ఒడియాలో పక్కపక్కనే కూర్చుని చదువుకోవచ్చు.