అన్నకు మట్టి ఇస్తే నేరమా?

ప్రశ్న: లా మూడో సంవత్సరం చదువుతున్నాను. జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతాల) పాఠంలో గ్రీకు నాటకం 'యాంటిగని' వచ్చింది. రాజు వద్దన్నా అన్న శవానికి అంత్యక్రియలు చేసిన ఆ అమ్మాయి చట్టప్రకారం నేరస్థురాలేనా? దేవతల శాసనం పాటించానన్న వాదన నిలుస్తుందా?

జవాబు: ఆజ్ఞ మీరిందా అంటే మీరింది. ఆ సంగతి తనే ఒప్పుకుంది, ఆజ్ఞ ముందే తెలుసనీ చెప్పింది. తేలాల్సింది అసలా ఆజ్ఞ చెల్లుతుందా అన్నది.

సొఫొక్లీస్ ఈ నాటకం రాసింది క్రీ.పూ. 441 ప్రాంతంలో. థీబ్స్ నగరం గద్దె కోసం యాంటిగని అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చంపుకున్నారు. ఆ గద్దె మేనమామ క్రియాన్‌కు దక్కింది. ఊరి పక్షాన పోరాడిన ఎటియొక్లీస్‌కు ఆయన సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించాడు. పరాయి సేనతో దండెత్తి వచ్చిన పాలినైసీస్‌ను మాత్రం కుక్కలకూ గద్దలకూ వదిలేయమన్నాడు. కాదన్నవాళ్లను రాళ్లతో కొట్టి చంపుతామని చాటించాడు.

క్రియాన్‌ను ఉత్త దుర్మార్గుడిగా కొట్టిపారేయకండి. ద్రోహుల శవాలను తమ నేలలో పూడ్చకూడదని సొఫొక్లీస్ ఊరైన ఏథెన్స్‌లోనే చట్టం ఉండేది. అయితే సరిహద్దు దాటించి పూడ్చుకోవడానికి ఆ చట్టం అడ్డు చెప్పలేదు. క్రియాన్ ఆ దారి కూడా మూసేశాడు. శవం మీద ఆమె చల్లిన మట్టిని కాపలావాళ్లు ఊడ్చేసి, కుళ్లు వాసన తగలకుండా గాలివాటం చూసుకుని గుట్టమీద కూర్చున్నారు. ద్రోహికి శిక్ష అంటే అర్థమవుతుంది. చచ్చినవాడిని కుళ్లబెట్టడానికి కాపలా ఎందుకు? ఆయన కేసు బలహీనపడేది నా దృష్టిలో ఇక్కడే.

విచారణ తీరు చూడండి. ఆజ్ఞ ఇచ్చిందీ, విచారించిందీ, శిక్ష వేసిందీ ఆయనే. ఏ పాపం ఎరుగని యాంటిగని తోబుట్టువు ఇస్మెనీకి కూడా మొదట మరణశిక్ష వేసి, తర్వాత వదిలేశాడు. రాళ్ల శిక్షను మధ్యలో మార్చి, యాంటిగనిని బతికుండగానే గుహలో మూయించాడు. ఒక్కడి సొత్తయితే అది ఊరే కాదని ఆయన కొడుకు, ఆమెను చేసుకోబోయే హీమన్ మొహం మీదే అన్నాడు.

ఇక దైవశాసనం, అంటే ఎక్కడా రాయని ధర్మం. రాసిన చట్టం మీకు ఎదురైతే రాయని ధర్మాన్ని ఆశ్రయించమని అరిస్టాటిల్ వాదనా కళ మీద రాసిన 'రెటరిక్'లో యాంటిగనినే ఉదాహరణగా చూపించాడు. చట్టం మీవైపు ఉంటే దానికన్నా తెలివి చూపబోవడం తప్పని వాదించమన్నదీ ఆయనే. కాబట్టి ఆ వాదన ఒక్కదాన్నే నమ్ముకోకండి. క్రీ.పూ. 403లో ఏథెన్స్‌వాళ్లు, అధికారులు రాయని చట్టాన్ని ప్రయోగించకూడదనీ, ఏ తీర్మానమూ చట్టాన్ని మించకూడదనీ రాసుకున్నారు. థీబ్స్‌కు అది వర్తించదు, కాలమూ తర్వాతిదే. ఆ కొలత పెట్టి చూస్తే మాత్రం మొదటిది ఆమె వాదనను, రెండోది క్రియాన్ ఆజ్ఞను దెబ్బతీస్తాయి. నేనైతే రెండోదాన్నే పట్టుకుంటాను.

ఈనాడైతే ఆమెకు దేవతల సాక్ష్యం అక్కర్లేదు. యుద్ధమృతులను గౌరవంగా, వీలైతే వారి మతాచారం ప్రకారం పూడ్చాలని 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 17వ అధికరణం చెబుతోంది. మన రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే గౌరవం మృతదేహానికీ వర్తిస్తుందని 1995లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు అంది. మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా విచారణలో) ఆమె పక్షం మీకొస్తే, చేసిన పనిని కాదనకండి. ఆజ్ఞ చెల్లుబాటుతో మొదలుపెట్టి, విచారణ లోపాలు చూపించి, దైవశాసనాన్ని ఆఖరున ఉంచండి.