పాత స్కిడ్డర్ వించ్ సీలు దొరకకపోతే

అన్నా, ఆలాపల్లి వైపు టేకు దుంగలు లాగే మీ పాత స్కిడ్డర్‌కు వించ్ (దుంగలకు కట్టిన తాడును చుట్టి లాగే డ్రమ్ము) దగ్గర ఆయిల్ కారుతోందని, కంపెనీ పార్టులు రావడం లేదని రాశారు. బండిని మాత్రం తుక్కుకు ఇవ్వకండి. ముందు బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం, మట్టితో మూసుకుపోయిందేమో చూడండి. అది బాగానే ఉంటే సీలు, అంటే ఆయిల్ కారకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు, విప్పి అంచు తుడవండి, 45-62-8 లాంటి అంకెలు కనిపిస్తాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. అంకెలు చెరిగిపోతే వెర్నియర్ (కొలత పరికరం)తో షాఫ్టునూ, సీలు కూర్చునే హౌసింగునూ కొలవండి. పాత రబ్బరు సాగి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. బేరింగుకైతే ఇంకా సులువు: 6308 అని ఉంటే ఏ కంపెనీదైనా 40-90-23 కొలతే, చంద్రపూర్ బేరింగు షాపుల్లో అడగండి. కొత్త సీలు కొట్టేముందు షాఫ్టు మీద గోరుతో గీరండి. గాడి తగిలితే ఎన్ని సీళ్లు మార్చినా కారుడు ఆగదు, లేతు మిషన్ దగ్గర షాఫ్టు మీద స్లీవ్ (లోహపు తొడుగు) వేయించాల్సిందే.