లెక్కలు రావన్న మనిషి దగ్గర కాస్త ఆగు

అమ్మడూ,

పల్లెల్లో పెద్దవాళ్లకు రోజువారీ లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే సర్వేలో చేరావని మీ నాన్న చెప్పాడు. ఇందుకూరుపేట వైపు మొదలుపెడతారట కదా. నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చూశాను. మొదటి ప్రశ్నే '864ను 7తో భాగించుము'. అది చదవగానే నేను చేసిన తప్పొకటి గుర్తొచ్చింది. ఫోన్‌లో చెబితే నవ్వి వదిలేస్తావని రాస్తున్నాను.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచేటప్పుడు నేను రాత్రి బడి చెప్పేదాన్ని. మరుసటేడు దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటం, తర్వాత రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి రావటం, ఇవన్నీ చెప్పి నిన్ను ఎన్నోసార్లు విసిగించాను. ఇది మాత్రం చెప్పలేదు. బడికొచ్చే ఒక నాట్ల కూలీకి పలక మీద 37, 48 రాసి కూడమన్నాను. పలక వంక చాలాసేపు చూసి, కొంగుతో తుడిచి తిరిగిచ్చేసింది. నేను దర్జాగా ఆమె పేరు పక్కన 'లెక్కలు రావు' అని రాసుకున్నాను.

ఆ వారంలోనే గట్టు మీద వాళ్ల ముఠా గుత్త డబ్బులు పంచుకుంటుంటే చూశాను. పంచేది ఆమే. చేతిలో 260 రూపాయలు, ఎదురుగా పద్నాలుగు మంది. ముందు తలా పదిహేను ఇచ్చింది. మిగిలిన నోట్లు, చిల్లర ఒళ్లో పోసుకుని "యాభై ఉండాయి" అంది. మళ్లీ తలా మూడు ఇచ్చింది. చివరికి ఎనిమిది మిగిలితే వక్కాకుకు పక్కన పెట్టింది. కాగితం లేదు, పెన్సిల్ లేదు. నీ కాగితంలో భాగహారం ఏ మెట్టు మీదుందో చూసుకో. నా పలక మీద కూడికే రాని మనిషి ఆమె.

ఇది మన ఊరి వింత కాదు. బ్రెజిల్‌లో రెసిఫే అనే ఊళ్లో వీధుల్లో సరుకు అమ్ముకునే పిల్లల్ని పరిశోధకులు ముందు బేరం చేస్తూ లెక్కలడిగారు, తర్వాత అవే లెక్కలు బడి పద్ధతిలో ఇచ్చారు. బేరంలో నూటికి 98 సరిగ్గా చెప్పిన పిల్లలు వట్టి అంకెల లెక్కల్లో 37 దగ్గర ఆగిపోయారు. 1985 నాటి మాట ఇది. అడిగింది అయిదుగురినే అని నువ్వంటావు. అయితే కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా అదే కథ. పైగా బడి పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. అంటే రెండూ వేరువేరు విద్యలు, ఒకటి వస్తే రెండోది దానంతటది రాదు.

అందుకని మొదట ప్రశ్నని వాళ్ల కొలతలోకి మార్చు. వరి రైతుని కిలోల్లో అడగొద్దు, పుట్టి 850 కిలోలని అతనికి తెలుసు. "పుట్టి ఇరవై వేలు. కాటాలో పుట్టికి యాభై కిలోలు ఎక్కువ లాగితే నీకెంత బొక్క?" అని అడిగి చూడు. వెయ్యీ నూట చిల్లర అని నువ్వు ఫోన్ తీసేలోపే చెబుతాడు. రొయ్యల గుంటల దగ్గర 30 కౌంట్ పెద్దదా, 100 కౌంట్ పెద్దదా అని అడిగితే నిన్నే వింతగా చూస్తారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, తక్కువ తూగితే రొయ్య పెద్దదని చిన్నపిల్లకీ తెలుసు. అదే మనిషిని 'ముప్పయ్యో వంతు పెద్దదా, నూరో వంతు పెద్దదా' అని అడిగి చూడు, నూరో వంతు అనేవాళ్లు ఉంటారు.

అలాగని వాళ్లకన్నీ వచ్చని మురిసిపోయి రాయకు. ఈమధ్య ఆ మురిపెం ఎక్కువైంది, నాకు చిరాకు. మా పొదుపు గ్రూపులో ఒకసారి "ఏడాదికి 12 శాతం వడ్డీ నయమా, నూటికి రూపాయిన్నర నయమా?" అని అడిగాను. సగం మంది రూపాయిన్నరే అన్నారు. పన్నెండు అనే అంకె పెద్దదిగా కనబడింది. నెలకు రూపాయిన్నరంటే ఏడాదికి పద్దెనిమిది అని గుణించుకోవటం తెలియక కాదు, 'శాతం' అన్న మాట దగ్గరే ఆగిపోయారు. అప్పు కాగితాలు, కరెంటు బిల్లు, మాత్రల అట్ట మీద రాత, ఫోన్‌లో వచ్చే మెసేజ్ అన్నీ ఆ భాషలోనే ఉంటాయి, మోసపోయేదీ అక్కడే. అందుకే రెండు గళ్లు గీసుకో: నోటిలెక్క ఒకటి, కాగితం లెక్క ఒకటి. రెండూ కలిపి ఒకే మార్కు వేయమని మీ పైవాళ్లు అడుగుతారు. ఒప్పుకోకు.

తప్పా ఒప్పా అన్నదాని పక్కన ఎలా చేశారో ఒక ముక్క రాయి. వేళ్ల కణుపులు లెక్కపెట్టారా, పదుల్లోకి విడగొట్టారా, నోట్లు ఊహించుకున్నారా. ఉజ్జాయింపు కూడా అడుగు. చేను చూసి ఎకరాకి ఎన్ని పుట్లు దిగుతుందో చెప్పటం మీ కాగితంలో ఎక్కడా లేదు. పల్లె పిల్లలకు చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ఏసర్ సర్వే వాళ్లు 2017లో 14–18 ఏళ్ల వాళ్లని డబ్బు లెక్కపెట్టటం, బరువులు కూడటం, గడియారం చూడటం అడిగారు. ఆ దారి మంచిది.

ఇక మర్యాద. 'పరీక్ష' అనే మాట నోట రానీయకు. మొగుడు పక్కనుంటే జవాబు ఆయనే చెప్పేస్తాడు, మంచినీళ్లు అడిగి లోపలికి పంపు. పొద్దున నాట్లకు పోయే వేళ వెళ్లకు. "నాకు చదువు రాదమ్మా" అంటే "నాకు మీ లెక్క నేర్పండి" అను, అబద్ధం కాదు. ఒకామె ఫోన్ నంబర్ చదవలేక, మీట మీట నొక్కి చూపించింది నాకు. అదీ రాసుకోవాల్సిందే.

శనివారం వస్తావు కదా, కాగితం తెచ్చి ముందు నన్నే అడుగు. ఎనిమిదో ప్రశ్నలో 'నిష్పత్తి' ఉందిగా, అది ఎర్ర సిరాతో కొట్టేసి ఉంచుతాను.

మీ అత్తయ్య